షెడ్డు వెనక మోరీ

జిన్నారం చుట్టుపక్కల మురుగునీళ్ల మాటెత్తితే వేళ్లన్నీ ఫ్యాక్టరీల వైపే లేస్తాయి. న్యాయమే. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యంపై 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. ఆ లెక్క ముందు బండ్ల డెంటింగ్, పెయింటింగ్ షెడ్డు మోరీ ఎవరి కంటికి ఆనుతుంది? అయినా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016 వర్గీకరణలో ఈ పని ఆరెంజ్ కేటగిరీ. రాష్ట్ర కాలుష్య నియంత్రణ బోర్డు అనుమతి కావాలి. సైన్‌బోర్డు రాయించినంత చురుగ్గా దానికోసం తిరిగేవాళ్లు తక్కువ.

పుట్టీ ఆరాక వాటర్ పేపర్‌తో రుద్దితే కారే బూడిదరంగు నీళ్లలో పాత పెయింటు పొడి ఉంటుంది. అందులో సీసం, క్రోమియం ఉండొచ్చు. సీసం 90 పీపీఎం దాటకూడదన్న 2016 నిబంధన ఇళ్లకు వేసే రంగులకే, బండ్లవాటికి కాదు. గోడ గీకే పిల్లలు గుర్తొచ్చారు, మోరీలో మూతిపెట్టే గేదె గుర్తురాలేదు కాబోలు.

ఈ నీళ్లనీ, బండి కడిగిన నీళ్లనీ మూడు అరల గుంతలోకి మళ్లించాలి. మొదటి అరలో మట్టి, పొడి అడుక్కి దిగుతాయి. రెండో అరలో నూనె పైకి తేలుతుంది. అక్కణ్నుంచి మూడోదానికి పోయే పైపు మూతి కిందికి వంగి ఉండాలి; అప్పుడే నూనె వెనక ఆగి అడుగు నీళ్లు మాత్రమే కదులుతాయి. అయితే సర్ఫు గుప్పెళ్లకొద్దీ చల్లితే నూనె సన్నటి బిందువులుగా విడిపోయి తేలనే తేలదు, గుంత కట్టిన ఖర్చు దండగ. వాగులోకి వదిలే నీళ్లలో నూనె, గ్రీజు లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇక్కడి నీళ్లు నక్కవాగు మీదుగా మంజీరకే చేరతాయి మరి.

పెయింటు కొట్టే స్ప్రే గన్ను కడిగిన థిన్నర్ని మాత్రం ఆ గుంత దరిదాపులకు రానివ్వొద్దు. మూత ఉన్న డబ్బాలో నిలవుంచితే రంగు అడుక్కి దిగుతుంది, పైతేట మళ్లీ గన్ను కడగడానికి పనికొస్తుంది.

మిగిలే మడ్డి, గుంత బురద ప్రమాదకర వ్యర్థాలు. చేరాల్సింది అలాంటి వ్యర్థాల కోసమే ఉన్న దుండిగల్ కేంద్రానికి, చేరేది షెడ్డు పక్క ఖాళీ ప్లాటుకు. బకెట్ బురదకు లారీ ఎవరు పంపుతారు? నాలుగైదు షెడ్లవాళ్లు బోర్డునడిగి ఉమ్మడిగా డ్రమ్ము పెట్టుకుంటే లారీ కిరాయి గిట్టుబాటవుతుంది. కాకపోతే డ్రమ్ము ఎవరి షెడ్డు ముందుండాలో తేల్చడానికే రెండు మీటింగులు పడతాయి.