లాక్‌డౌన్‌లో క్యాన్సర్ రోగులు ఎక్కడ ఆగిపోయారు?

2020 మార్చి నుంచి మే దాకా మన క్యాన్సర్ ఆస్పత్రుల రిజిస్టర్లు చూస్తే జబ్బే తగ్గిపోయిందా అనిపిస్తుంది. దేశంలోని క్యాన్సర్ ఆస్పత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్‌లోని 41 కేంద్రాల్లో ఆ మూడు నెలల లెక్కలను 2019లో అవే నెలలతో పోల్చారు. కొత్తగా పేరు రాయించుకున్నవాళ్లు 1,12,270 నుంచి 51,760కి పడిపోయారు. జబ్బు తగ్గలేదు. మనుషులు రాలేదు.

రొమ్ములో చిన్న గడ్డ మొదట్లో నొప్పి పెట్టదు. నోట్లో మానని పుండూ చాలాసార్లు అంతే. ‘కరోనా తగ్గాక చూపించుకుందాంలే’ అనుకున్నవాళ్లను తప్పుపట్టలేం. వెళ్దామన్నా ఊళ్లో క్లినిక్ మూసి ఉంది, బస్సు లేదు. గడ్డ క్యాన్సరో కాదో తేలాలంటే ముక్క తీసి పరీక్షించాలి (బయాప్సీ), ఆ తర్వాత స్కాన్లు, ఆపైన ఆపరేషన్‌కు తేదీ. ఒకటి ఆగితే దాని తర్వాతవన్నీ ఆగుతాయి. నోటి పరీక్ష, ఎండోస్కోపీ చేసేటప్పుడు తుంపర్ల ద్వారా వైరస్ సోకే ప్రమాదం ఎక్కువ కనుక వాటిని చాలాచోట్ల వాయిదా వేశారు.

అవే లెక్కల ప్రకారం పెద్ద ఆపరేషన్లు 49 శాతం తగ్గాయి. వాటికి ఐసీయూ పడక, వెంటిలేటర్, మత్తు డాక్టరు, రక్తం కావాలి. మొదటి మూడూ కొవిడ్ రోగుల వైపు మళ్లాయి, రక్తదాన శిబిరాలు ఆగిపోయాయి. కీమోథెరపీతో తెల్లరక్తకణాలు తగ్గుతాయి, అలాంటప్పుడు వైరస్ సోకితే తట్టుకోవడం కష్టం. అందుకే కీమో ఇవ్వాలా ఆగాలా అన్నది ఒక్కో రోగికీ విడిగా తూచి నిర్ణయించాల్సి వచ్చింది. రేడియేషన్ మాత్రం 23 శాతమే తగ్గింది. కోర్సు మధ్యలో ఆపితే మిగిలిన క్యాన్సర్ కణాలు వేగంగా పెరుగుతాయి. మొదలుపెట్టింది తెగిపోకుండా చూడడానికి డాక్టర్లు ఎంతగానో ప్రయత్నించారు.

నాలుగు వారాల ఆలస్యం ఏం చేస్తుంది? 2020లో బీఎంజే వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం, ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైన ప్రతిసారీ మరణం ముప్పు 6 నుంచి 8 శాతం పెరుగుతుంది. అంటే వందమందిలో అదనంగా ఆరుగురు పోతారని కాదు, అప్పటికే ఉన్న ముప్పు అంత పెరుగుతుందని. ఒక్క రోగి విషయంలో ఇది చిన్నదిగా కనిపించవచ్చు. దేశమంతా ఆగిపోయినప్పుడు చిన్నది కాదు. పైగా ఈ మరణాలు ఏళ్ల తర్వాత జరుగుతాయి, కొవిడ్ లెక్కల్లోకి ఎక్కవు.

ఇంకో సంగతి నన్ను బాగా కలవరపెట్టింది. ఆ 41 కేంద్రాల్లో చిన్న ఊళ్లవాటి కంటే మహానగరాలవాటిలోనే తగ్గుదల ఎక్కువ. రైళ్లు ఆగడంతో దూరప్రాంతాల రోగులు అక్కడికి చేరలేకపోయారు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి జిల్లాల నుంచి వచ్చేవాళ్లెందరో మనకు తెలుసు. బయాప్సీ, కీమో జిల్లా కేంద్రంలోనే దొరికితే వాళ్ల వైద్యం రైలు మీద ఆధారపడదు.