మీగడ రంగా, ముదురు నీలమా?

పది బై పన్నెండు పడకగది. కిటికీ ఒక్కటే, అదీ ఉత్తరం వైపు. గోడలకు మీగడ రంగు వేద్దామని ఒకరు, ముదురు నీలం వేద్దామని ఇంకొకరు. షేడ్ కార్డు ఎంతసేపు తిరగేసినా ఈ తగవు తేలదు. తేల్చాల్సింది ఆ గదికి ఎంత వెలుతురు కావాలన్నది.

చాలా పెయింటు కంపెనీలు ప్రతి షేడ్‌కూ ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఇస్తాయి. మీద పడిన వెలుతురులో గోడ ఎంత శాతం తిప్పి పంపుతుందో చెప్పే లెక్క అది. లేత మీగడ రంగుకు అది 80 దాకా ఉంటుంది, ముదురు నీలానికి 10 లోపే. వెలుతురు ఒక గోడకు తగిలి ఆగిపోదు, ఇంకో గోడకు వెళ్తుంది. రెండు మీగడ గోడలకు తగిలాక కూడా 64 శాతం మిగులుతుంది. నీలం గోడలైతే ఒక్క శాతం కూడా మిగలదు. నాలుగు గోడలూ నీలమైతే మూలలు నల్లబడేది అందుకే.

అలాగని నీలాన్ని కొట్టిపారేయలేం. దాని ముందు టేకు మంచం, తెల్ల దుప్పటి ఎంతో నిండుగా కనిపిస్తాయి. పక్కనున్న రంగును బట్టి ఒక రంగు మన కంటికి మారిపోతుందని ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రుల్ 1839లోనే పుస్తకం రాసి వివరించాడు. కార్డు మీది చిన్న ముక్కను నమ్మకూడదనడానికీ కారణం అదే.

నిర్వహణలో రెండింటికీ చిక్కులున్నాయి. మీగడ గోడ మీద స్విచ్‌బోర్డు చుట్టూ చేతి మరకలు తేలతాయి. నీలం మీద దుమ్ము, గీతలు, పుట్టీ సరిగా రుద్దని చోట ఎత్తుపల్లాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మళ్లీ లేత రంగుకు రావాలంటే ప్రైమరూ, అదనపు కోటింగులూ తప్పవు.

కాబట్టి చిన్న డబ్బాలు కొని, రెండడుగుల అట్టల మీద రెండేసి కోటింగులు వేయండి. ఒక్కో గోడకూ ఆనించి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చూడండి. 6500 కెల్విన్ తెల్ల లైటు కింద మీగడ పాలిపోతుంది, 3000 కెల్విన్ పసుపు బల్బు కింద నీలం దాదాపు నలుపవుతుంది.

నా మాట ఇది: మూడు గోడలకు మీగడ, మంచం తలాపి గోడకు నీలం. ఆ గోడ మాత్రం కిటికీకి ఎదురుగా ఉండకూడదు. లోపలికొచ్చిన వెలుతురును గదికి పంచేది ఎదురు గోడే. అది అమ్మానాన్నల గదైతే నాలుగు గోడలకూ మీగడే వేయించండి. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపుబారుతుంది. మనకు సరిపోయే వెలుతురు వాళ్లకు చాలదు.