తుపాకీ కన్నా గొంతునే నమ్ముకున్న ఉగ్రనేత

ఐసీ-814 విమానాన్ని 1999 డిసెంబరులో కందహార్‌కు మళ్లించిన హైజాకర్లు మొదట 36 మంది ఖైదీలను, 20 కోట్ల డాలర్లను అడిగారు. బేరసారాల్లో డబ్బు వదులుకున్నారు, ఖైదీల సంఖ్యను మూడుకు తగ్గించుకున్నారు. మసూద్‌ అజార్‌ పేరు మాత్రం వదల్లేదు. హైజాకర్లలో అతడి తమ్ముడూ ఉన్నాడు. కానీ, ఆ పట్టుదలకు రక్తసంబంధం ఒక్కటే కారణం కాదు.

మసూద్‌ 1968లో పాకిస్థాన్‌లోని బహావల్పుర్‌లో పుట్టాడు. తండ్రి బడిపంతులు. కరాచీలోని బినోరీ టౌన్‌ మదర్సాలో చదివి, అఫ్గానిస్థాన్‌ శిక్షణ శిబిరానికి వెళ్లాడు. భారీకాయం సహకరించక శిక్షణ పూర్తిచేయలేకపోయాడు. యుద్ధానికి పనికిరాని ఆ యువకుడిలో మరో సరకు ఉందని పెద్దలు పసిగట్టారు. పత్రిక నడపమన్నారు, ఉపన్యాసాలిమ్మన్నారు. 1993లో బ్రిటన్‌ మసీదుల్లో తిరిగి అక్కడి యువకులను, విరాళాలను రాబట్టాడు. తుపాకీ పట్టేవాళ్లు చాలామందే దొరుకుతారు. వాళ్లను పట్టించగలిగేవాడు అరుదు.

1994 ఆరంభంలో పోర్చుగల్‌ పాస్‌పోర్టుతో దర్జాగా దిల్లీలో దిగాడు. కశ్మీర్‌లో రెండు ముఠాల మధ్య సయోధ్య కుదర్చడం అతడి పని. అనంత్‌నాగ్‌ దగ్గర కారు మొరాయించడంతో ఆటో ఎక్కి, భద్రతా దళాలకు చిక్కాడు. పెద్దగా గట్టిచేయకుండానే నోరు విప్పాడని విచారించిన అధికారి ఒకరు తర్వాత చెప్పారు. తనను ఎక్కువకాలం జైల్లో ఉంచలేరని మాత్రం ధీమాగా ఉండేవాడట. 1999లో జమ్మూలోని కోట్‌ భల్వాల్‌ జైలు నుంచి సొరంగం తవ్వి పారిపోబోతే మళ్లీ ఆ ఒళ్లే అడ్డొచ్చింది. ఆరు నెలలకు విమానమే వచ్చింది.

విడుదలైన కొన్ని వారాల్లోనే కరాచీలో వేలమంది ముందు ప్రసంగించాడు. అలా జైషే మహమ్మద్‌ పుట్టింది. 2000 ఏప్రిల్‌లో శ్రీనగర్‌ బాదామీబాగ్‌ సైనిక స్థావరం వద్ద కారుబాంబుతో ఆత్మాహుతి దాడికి దిగింది. మరుసటి ఏడాది కశ్మీర్‌ శాసనసభ, పార్లమెంటు. 2002లో పాకిస్థాన్‌ జైష్‌ను నిషేధించినా, ఆ ఏడాది చివర్లోనే మసూద్‌ గృహనిర్బంధం నుంచి బయటపడ్డాడు. 2003లో ముషారఫ్‌పై హత్యాయత్నాల్లోనూ జైష్‌ పేరే వినిపించింది. పెంచినవాడికీ కాటు తప్పలేదు.

2019 పుల్వామాలో 40 మంది సీఆర్పీఎఫ్‌ జవాన్లను బలిగొన్నది స్థానిక కశ్మీరీ కుర్రాడు. పక్క ఊరి యువకుడి చెవికీ ఆ ప్రచారం చేరిందంటే సరిహద్దు కంచె ఒక్కటే ఆపలేదని అర్థం. అదే ఏడాది మే 1న ఐరాస అతణ్ని ఉగ్రవాదుల జాబితాలో చేర్చింది. అంతకుముందు పదేళ్లు చైనా అడ్డుపడుతూ వచ్చింది.

2025 మే 7న ఆపరేషన్‌ సిందూర్‌లో మన దళాలు బహావల్పుర్‌లోని జైష్‌ కేంద్రంపై దాడిచేశాయి. తన కుటుంబీకులు పదిమంది మరణించారంటూ మసూద్‌ పేరిట ప్రకటన వెలువడింది. మనిషి కనిపించలేదు. అయిదు నెలలకు, అతడి పేరిటే మరో ప్రకటన వచ్చింది. ఈసారి మహిళా విభాగం పెడుతున్నామని, దాని బాధ్యత అతడి సోదరిదని.