లేని తేదీని రాసేదెలా?

సీ షార్ప్ భాషలో తేదీని దాచే డేట్‌టైమ్ ఒక స్ట్రక్ట్. పుట్టిన తేదీ తెలియని మనిషి వివరాలను ఫంక్షన్‌కు పంపాలంటే ఆ పారామీటర్‌లో ఏం పెట్టాలి? క్లాస్ అయితే చిక్కే లేదు. దాని వేరియబుల్‌లో ఉండేది అసలు వస్తువు కాదు, మెమరీలో అదెక్కడుందో చెప్పే చిరునామా. వస్తువు లేకపోతే నల్ పెడతాం. స్ట్రక్ట్ వేరియబుల్‌లో విలువే నేరుగా కూర్చుంటుంది. డేట్‌టైమ్‌కున్న 8 బైట్లనూ సున్నాలతో నింపినా అదీ ఒక తేదీయే: క్రీ.శ. 1వ సంవత్సరం, జనవరి 1.

దాన్నే ‘తెలియదు’కు గుర్తుగా వాడితే ఆ మనిషి వయసు రెండు వేల ఏళ్లు దాటుతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోని పాత డేట్‌టైమ్ కాలమ్ 1753కు ముందు తేదీలను తీసుకోదు కనుక అక్కడ ఎర్రర్ వస్తుంది. రావడమే మేలు, తప్పు వెంటనే బయటపడుతుంది. యునిక్స్ పద్ధతి ఇంతకంటే ప్రమాదం. అది కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కిస్తుంది. ఖాళీకి బదులు సున్నా పెడితే మన దేశంలో 1970 జనవరి 1, ఉదయం 5.30 అని చూపిస్తుంది. ఆ రోజు నిజంగా పుట్టినవాళ్లూ ఉన్నారు! ఏది అసలు తేదీ, ఏది ఖాళీ అన్నది ఇక ఎవరూ తేల్చలేరు.

2005లో డాట్‌నెట్ 2.0తో వచ్చిన నలబుల్ ఈ చిక్కు విప్పింది. రకం పేరు చివర ప్రశ్నార్థకం పెడితే చాలు, విలువ పక్కనే అది ఉందో లేదో చెప్పే గుర్తు ఒకటి చేరుతుంది. 4 బైట్ల ఇంట్ దీనివల్ల 8 బైట్లవుతుంది. ఆ ఖర్చుకు వెనకాడాల్సిన పని లేదు. ఖాళీ రావచ్చన్న విలువను తప్పనిసరిగా తేదీ కావాల్సిన చోటికి నేరుగా పంపబోతే కంపైలరే అడ్డుకుంటుంది.

అయినా ఒక చిక్కు మిగిలే ఉంది. వివరాలు సవరించే ఫంక్షన్‌కు పుట్టిన తేదీ నల్‌గా వచ్చిందనుకోండి. పాత తేదీని అలాగే ఉంచమనా, చెరిపేయమనా? రెండు అర్థాలకు ఒక్క నల్ చాలదు. ఇలాంటప్పుడు ‘మార్చవద్దు’, ‘చెరిపేయి’, ‘ఇదీ కొత్త తేదీ’ అనే మూడు స్థితులతో సొంత స్ట్రక్ట్ రాసుకోవాలి. వాటిలో సున్నాను ‘మార్చవద్దు’కే కేటాయించాలి. అప్పుడు దాన్ని నింపడం ఎవరైనా మరిచిపోయినా, ఉన్న తేదీ చెరిగిపోదు.