ఆగిన ఆటోకీ ఇంధనం కావాలి

పంజాగుట్ట చౌరస్తాలో ఎర్రదీపం పడింది. మీరెక్కిన ఆటో ఆగింది. చక్రాలు తిరగడం లేదు గాని ఇంజను డుగడుగమంటూనే ఉంది కదూ! ఆటో కదలకపోయినా ఇంధనం ఖర్చవుతోందన్నమాట. మన శరీరమూ అంతే. మీరు గాఢనిద్రలో ఉన్నా గుండె కొట్టుకోవాలి, ఊపిరి ఆడాలి, ఒళ్లు వెచ్చగా ఉండాలి. ఈ కనీసపు ఖర్చును ఆధార జీవక్రియ అంటారు. అందులో ఐదో వంతు ఒక్క మెదడుదే!

ఇదంతా ఎందుకంటే, ఆమధ్య మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి మూడో పీరియడులో కళ్లు తిరిగి పడిపోయింది. ఇల్లు అమీర్‌పేటలో. సన్నబడాలని పది రోజులుగా పొద్దున టిఫిను మానేసి, మధ్యాహ్నం నాలుగు కీరా ముక్కలతో సరిపెడుతోందట. "సాయంత్రానికి ఆగలేక మిరపకాయ బజ్జీలు తినేస్తున్నాను సార్, నాకు నిగ్రహం లేదు" అని ఏడ్చింది.

నిగ్రహం లేక కాదు. 1945లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు, వారి సమ్మతితోనే, ఆరు నెలలపాటు దాదాపు సగం తిండే పెట్టి చూశాడు. వాళ్ల బరువు సుమారు నాలుగో వంతు తగ్గింది. ఆధార జీవక్రియ మాత్రం దాదాపు 40 శాతం పడిపోయింది! శరీరం చిన్నదైనందువల్ల కొంత, అది పొదుపు మొదలుపెట్టినందువల్ల కొంత. కొవ్వుతోపాటు కండ కూడా కరిగింది. వేసవిలోనూ చలి వేసేది. ఎప్పుడూ తిండి ధ్యాసే. వంటల పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవారూ ఉన్నారు. అంత పెద్దవాళ్లే అలా అయిపోతే మా అమ్మాయి బజ్జీల బండి దగ్గర ఆగడంలో వింతేముంది?

మరి ఎంత తినాలి? దీనికి జవాబు మన ఊళ్లోనే ఉంది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. 2020 నాటి లెక్కల ప్రకారం 13–15 ఏళ్ల అమ్మాయికి రోజుకు సుమారు 2,400 కిలోకేలరీలు, అబ్బాయికి 2,860 కావాలి. ఇవి సగటు అంకెలు సుమా! నాలుగు కీరా ముక్కల్లో పదో పన్నెండో ఉంటాయేమో.

పెద్దవాళ్లు ఖర్చుకన్నా రోజుకు 500 తగ్గించి తింటే మొదట్లో వారానికి అరకిలో దాకా తగ్గవచ్చు. మీ సంగతి వేరు. మీరింకా పొడవు పెరుగుతున్నారు. బరువు కాస్త ఎక్కువున్నా, అది ఇంకా పెరగకుండా చూసుకుంటే చాలామందికి ఎత్తుతో సర్దుకుంటుంది. చిప్సు, కూల్‌డ్రింకు తగ్గించండి. పప్పు, గుడ్డు, పెరుగు, కూరలు కాదు. డాక్టరును అడగకుండా పూట తిండి మానవద్దు. నడక మంచిదే గాని, 50 కిలోల మనిషి ఇరవై నిమిషాలు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది ఒక్క ఇడ్లీ అంత!

ఆ అమ్మాయి ఇప్పుడు పొద్దున మూడిడ్లీలు, సాంబారు తిని బడికి నడిచి వస్తోంది. బజ్జీల బండి దగ్గర ఆగడం మానేశావా అని అడిగాను.

"ఆగుతున్నా సార్. కాని ఒక్కటి తింటే చాలనిపిస్తోంది" అంది.