600 మంది దిగితే ముగ్గురే మిగిలారు! గ్రీకు నగరాల యుద్ధ రికార్డులు

మాట్లాడే భాష ఒకటే. మొక్కే దేవుళ్లూ వాళ్లే. అయినా ప్రాచీన గ్రీసు నగర రాజ్యాలు శతాబ్దాల పాటు ఒకదాని మీద ఒకటి కత్తి దూశాయి. ఆ పోరాటాల్లో రికార్డులకెక్కినవి ఇవి.

అతి తక్కువమంది మిగిలిన పోరు: క్రీ.పూ. 546 ప్రాంతం. థైరియా నేల కోసం స్పార్టా 300 మందిని, ఆర్గోస్ 300 మందిని దింపాయి. చీకటి పడేసరికి మిగిలింది ముగ్గురు! గెలిచామనుకుని ఇద్దరు ఆర్గోస్ వీరులు ఇంటికి పరుగెత్తారు. స్పార్టా వీరుడు ఒథ్రియాడెస్ మాత్రం రణరంగం వదల్లేదు. గెలుపు మాదంటే మాదని రెండు ఊళ్లూ మళ్లీ కలబడ్డాయి. ఈసారి పూర్తి సైన్యాలతో! స్పార్టా గెలిచిందంటాడు హెరొడోటస్.

అతి వేగంగా సాగిన ఓడ: క్రీ.పూ. 427. తిరగబడ్డ మిటిలీనీలో మగవాళ్లందరినీ చంపమంటూ ఏథెన్స్ ఓడ పంపింది. మర్నాడు మనసు మార్చుకుని రెండో ఓడ పంపింది. మొదటిది అప్పటికే దాదాపు ఒక పగలు, ఒక రాత్రి ముందుంది. దూరం 300 కిలోమీటర్లకు పైనే. రెండో ఓడలో వాళ్లు తెడ్లు వేస్తూనే యవపిండి తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. అక్కడ ఆజ్ఞ చదవడం ముగిసింది, ఇక్కడ ఓడ రేవు చేరింది! ఊరు దక్కింది. తిరుగుబాటు నాయకులు మాత్రం దక్కలేదు.

అతి తెలివైన కొలత: స్పార్టా కూటమి ప్లాటియా చుట్టూ గోడ కట్టింది. లోపలివాళ్లు ఆ గోడలో ఇటుక వరసలు లెక్కపెట్టారు. ఒకరు కాదు, చాలామంది, చాలాసార్లు! ఆ లెక్కతోనే నిచ్చెనలు చేశారు. క్రీ.పూ. 428-427 చలికాలం, గాలివాన రాత్రి 212 మంది బయటపడ్డారు. పట్టుబడింది ఒకే ఒక్క విలుకాడు.

అతి భయంకరమైన గొట్టం: క్రీ.పూ. 424, డీలియం. థీబ్స్ పక్షం ఒక దూలాన్ని నిలువునా కోసి, లోపల తొలిచి, మళ్లీ అతికించి గొట్టం చేసింది. ఒక చివర కొలిమితిత్తులు, రెండో చివర నిప్పులు, గంధకం, కీలు నింపిన బాన. తిత్తి ఊదగానే కోటకు మంట అంటుకుంది, ఏథెన్స్ సైనికులు పరుగు తీశారు. నిప్పు చిమ్మే యంత్రాల్లో చరిత్రకెక్కిన తొలివాటిలో ఇదొకటి.

అతి పెద్ద తేడా: క్రీ.పూ. 422, యాంఫిపొలిస్. ఏథెన్స్ వైపు చనిపోయింది సుమారు 600 మంది. స్పార్టా పక్షంలో ఏడుగురే! కానీ రెండు వైపులా సేనానులు, క్లియాన్, బ్రాసిడస్ ఇద్దరూ నేలకొరిగారు. మరుసటి ఏడే 50 ఏళ్లకు శాంతి ఒప్పందం. అది ఏడేళ్లు కూడా నిలవలేదు.

అతి ఖరీదైన గ్రహణం: క్రీ.పూ. 413 ఆగస్టు 27. సిరక్యూజ్ నుంచి తప్పుకోబోతున్న ఏథెన్స్ సేన చంద్రగ్రహణం చూసింది. జోస్యుల మాట విని సేనాని నిసియాస్ 27 రోజులు కదలనన్నాడు. ఈలోగా దారులన్నీ మూసుకుపోయాయి. 7,000 మందికి తక్కువ కాకుండా బందీలు రాతి క్వారీల్లో పడ్డారు. మనిషికి రోజుకు దక్కింది పావు లీటరు నీళ్లు!

అతి పెద్ద నావికా సమరం: క్రీ.పూ. 406, ఆర్జినూసే. ఏథెన్స్‌వి 150కి పైగా ఓడలు, స్పార్టావి 120. ఒక్కో ఓడ 37 మీటర్లు, అంటే రెండు తాటిచెట్లను కొసాకొసా కలిపి పడుకోబెట్టినంత! తెడ్లు వేసేవాళ్లే 170 మంది. గెలిచింది ఏథెన్స్. ఆ ఏథెన్సే తన ఆరుగురు సేనానులను చంపించింది. తుపానులో మునిగిపోతున్న నావికులను కాపాడలేదన్నది అభియోగం.

అతి సులువైన గెలుపు: మరుసటి ఏడు, ఈగోస్‌పొటమి. నాలుగు రోజులు ఏథెన్స్ ఓడలు సవాలు విసిరినా స్పార్టా సేనాని లైసాండర్ కదల్లేదు. ఐదో రోజు నావికులు తిండి కోసం ఒడ్డున చెదిరిపోగానే మీద పడ్డాడు. 180 ఓడల్లో తప్పించుకున్నవి పది లోపే! ఏథెన్స్, స్పార్టాల 27 ఏళ్ల యుద్ధం క్రీ.పూ. 404లో ముగిసింది. సముద్రాన్ని ఏలిన ఏథెన్స్‌కు మిగిల్చినవి 12 ఓడలు.

అతి మందమైన వ్యూహం: క్రీ.పూ. 371, ల్యూక్ట్రా. స్పార్టా నిలిచింది 12 వరుసల లోతున. థీబ్స్ సేనాని ఎపమినోండస్ ఎడమ పక్కను 50 వరుసలు చేసి నేరుగా స్పార్టా రాజు మీదికే నడిపాడు. రాజు పడ్డాడు. 700 మంది స్పార్టా పౌరుల్లో 400 మంది పడ్డారు. ఆ తర్వాత, తరతరాలుగా స్పార్టాకు వెట్టి చేసిన మెసీనియా విముక్తి పొందింది.

అతి తక్కువ నష్టం: క్రీ.పూ. 368. ఆర్కేడియా సేనను స్పార్టా చిత్తు చేసింది. తన వాళ్లలో ఒక్కడూ చావలేదు! పేరే ‘కన్నీరు లేని యుద్ధం’. కబురు విన్న స్పార్టా పెద్దలు మాత్రం ఆనందంతో ఏడ్చారు.

అతి పొట్టి పెత్తనం: స్పార్టా ఆధిపత్యం 33 ఏళ్లు. థీబ్స్‌ది తొమ్మిదేళ్లే. క్రీ.పూ. 362లో మాంటినియాలో ఎపమినోండస్ మరణంతో అదీ అయిపోయింది. ఏ గెలుపూ ఎవరికీ నిలవలేదు. అందరూ అలసిపోయారు. క్రీ.పూ. 338లో కైరోనియాలో మాసిడోనియా రాజు ఫిలిప్ ఏథెన్స్, థీబ్స్ సేనలను ఒక్క రోజులో ఓడించాడు. స్పార్టా ఆ పోరుకు రానే లేదు.