కోనసీమ ఇళ్ళలో నూలు పని, రేకు పని

చీర కొనేటప్పుడు అంచు చూస్తాము, రంగు చూస్తాము, కొంగు విప్పించి మరీ చూస్తాము. ధర కొంచెం ఎక్కువ అనిపిస్తే, నేసినవానికి ఇందులో ఎంత ముడుతుందని అడిగేవారు కూడా ఉన్నారు. ఆ ముట్టినది ఎందరి పనికి ముట్టినదన్న ప్రశ్న మాత్రం సాధారణంగా ఎవరికీ తోచదు. కోనసీమలోని కొన్ని చేతిపనులను ఈ ఒక్క ప్రశ్నతోనే పరిశీలించాలని మా ఉద్దేశం.

కోనసీమ అనగానే కొబ్బరితోట, వరిచేను, కాలువగట్టు మన మనస్సులో మెదలుతాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయినప్పటినుండి ఆ సీమకు ఆ కీర్తి స్థిరపడిపోయినది. 2022 ఏప్రిల్ 4న డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా ఏర్పడిన తరువాత కూడా బయటివారికి తెలిసినది ఆ పచ్చదనమే. అయితే అమలాపురానికి చేరువలోని బండారులంకలోను, అంబాజీపేట ప్రక్కనున్న పుల్లేటికుర్రులోను, రాజోలు వైపు మోరిలోను వినిపించేది మగ్గం చప్పుడు. ఆ మగ్గాల మీద నేసే సన్ననూలు దూరప్రాంతపు మిల్లులనుండి వస్తుంది. కోనసీమవారు దానికి జత చేసేది తమ చేతులనే.

నూలు సన్నదనాన్ని నంబరులో చెబుతారు. ఆ లెక్క చాలమందికి తెలియదు గనుక ఇక్కడ చెప్పుకొందాము. 840 గజాల పొడవున్న చిలప ఒకటి. ఒక పౌను బరువుకు ఇటువంటి చిలపలు ఎన్ని తూగితే ఆ నూలు అన్ని నంబరు. నూరు నంబరు నూలంటే పౌనుకు 84,000 గజాలు, అంటే సుమారు 77 కిలోమీటర్లు. అరకిలో కూడా తూగని ఆ నూలును సాగదీస్తే అమలాపురంనుండి రాజమహేంద్రవరం చేరి ఇంకా మిగులుతుంది. ఇంత పొడవు దారమూ మగ్గం ఎక్కేలోపల ఇంట్లోవారి వ్రేళ్ళ మధ్యనుండి ఒకసారి కాదు, పలుమార్లు పోవలసినదే.

చిలపను తడిపి, రంగు వేయించి, ఆరబెట్టి, రాట్నం మీద తోడుతారు. నిలువు పోగులను వరుసగా పోసి పడుగు తయారు చేస్తారు. ఆ పడుగును తెల్లవారుజామున వీధి పొడవునా చాచి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. ఒక ఇంటివారు పడుగు చాచితే పొరుగింటివారు వచ్చి ఒక కొన పట్టుకొంటారు. ఎండ ముదరకముందే గంజి సమంగా ఆరాలి, పోగుకు పోగు అంటుకోకూడదు. అటు తరువాతిది అతుకు. అంగుళానికి 80 పోగుల చొప్పున 46 అంగుళాల వెడల్పుకు లెక్క కట్టితే 3,680 పోగులు. పాత పడుగు కొనకు కొత్త పడుగు కొనను ఒక్కొక్క పోగుగా మెలివేసి, మూడువేల ఆరువందల ఎనభైసార్లు అతకాలి. ఒక పోగు తప్పితే ఆ తప్పు చీర పొడవునా గీత వలె కనిపిస్తుంది.

ఇంతవరకు నేత మొదలు కాలేదు!

నేత మొదలైన తరువాత ఇంట్లోవారికి తీరిక చిక్కుతుందా అంటే, అదీ లేదు. అడ్డంగా పోయే పేక నూలును చిన్న చిన్న కండెలకు చుట్టి నాడెలో పెట్టాలి. అంగుళానికి 70 పేకల చొప్పున అయిదున్నర మీటర్ల చీరకు నాడె పదిహేనువేల సార్లకు పైగా అటూ ఇటూ పరుగెత్తుతుంది. కండె అయిపోగానే మరొక కండె సిద్ధంగా ఉండకపోతే మగ్గం ఆగుతుంది. అందుచేత గుంట మగ్గంలో కూర్చున్నవానికి కొంచెం దూరంలో, రాట్నం ముందు అతని భార్యో తల్లియో కనబడుతుంది; వంట నడుమ లేచి వస్తుంది, పిల్లవానికి అన్నం పెట్టి మళ్ళీ కూర్చుంటుంది. (మా కార్యక్రమాలను శ్రద్ధగా వినేది కండెలు చుట్టేవారే. మగ్గం మీద ఉన్నవారికి పలక చప్పుడులో రేడియో వినబడదు.) అనేక ఇళ్ళలో ఈ వరుస తారుమారుగా ఉంటుంది, స్త్రీ మగ్గం ఎక్కుతుంది, ముసలివారు కండెలు చుట్టుతారు.

ఆ ఇల్లాలిని మీరేమి పని చేస్తారమ్మా అని అడిగి చూడండి. ఇంట్లోనే ఉంటానండీ అన్నదే తరచుగా వచ్చే సమాధానం.

మజూరీ చీరకు ఇంత అని ఉంటుంది. నూలు ఇచ్చే మాస్టరు వీవరైనా, సహకార సంఘమైనా పూర్తి అయిన చీరను చూసి డబ్బు ఇచ్చే పద్ధతే ఎక్కువ. తోడినవారికి, అతికినవారికి, కండెలు చుట్టినవారికి ఇంటివారైతే వేరే పద్దు లేదు. జనగణన చేసేవారు ఈ విషయంలో కొంత నయమనిపిస్తుంది. 2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల 22 వేల మంది చేనేత పనివారు తేలగా, వారిలో సుమారు 8 లక్షల 48 వేల మందిని అనుబంధ పనులవారుగా వేరుగా లెక్కించినారు. మొత్తం పనివారిలో నూటికి 72 మంది స్త్రీలు. సహాయం విషయానికి వస్తే మళ్ళీ మగ్గమే కొలత. 2019 డిసెంబరులో మన రాష్ట్రంలో ఆరంభమై కొన్నేళ్ళు నడచిన నేతన్న నేస్తం పథకంలో ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చినది సొంత మగ్గం ఉన్న కుటుంబానికి.

మగ్గం లేని చేతిపని గూడా ఈ సీమలో ఉన్నది. వశిష్ఠ గోదావరికి ఆవలి ఒడ్డున నరసాపురం, ఈవలి వైపున రాజోలు. ఆవల మిషనరీల రాకతో పందొమ్మిదవ శతాబ్దిలో మొదలైన లేసు అల్లిక నదిని దాటి రాజోలు, అమలాపురం ప్రాంతాలకు వ్యాపించినది. దీనికి కావలసినది కొక్కెం ఉన్న చిన్న సూది, దారపు ఉండ, అరుగు మీద కూర్చునేంత చోటు. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రవేత్త మారియా మీస్ ఈ అల్లికవారి జీవితాలను పరిశీలించి 1982లో ‘ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ అనే గ్రంథం ప్రచురించినది. విదేశాలకు పోయే సరుకును రోజుకు ఎన్నో గంటలు అల్లే ఆ స్త్రీలను, ఊరక కూర్చోక తీరిక వేళ ఏదో చేసుకొంటున్న గృహిణులుగా జమకట్టడంవల్లనే కూలి అంత తక్కువగా నిలిచినదని ఆమె చూపినది. గ్రంథం వచ్చి నలభై ఏళ్ళు దాటినది. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది; అల్లిన చేతికి రేటు నిర్ణయించడం దాని పనిలో లేదు.

ఇక నూలును వదలి పిండివంటకు వస్తున్నందుకు శ్రోతలు ఆశ్చర్యపడవద్దు. కొత్తపేట ప్రాంతంలో గోదావరి ఒడ్డునున్న ఆత్రేయపురంలో చేసే పూతరేకు, మా దృష్టిలో, నేతకు దగ్గరి చుట్టమే. సన్నని బట్టే ఇక్కడ పనిముట్టు, సన్నదనమే ఇక్కడి పరీక్ష.

బియ్యం నానబెట్టి, వెన్నవలె రుబ్బి, పాలవలె పలుచన చేస్తారు. ఇందుకు ఎక్కువగా జయ రకం బియ్యం వాడుతారు. గుండ్రని అడుగున్న ప్రత్యేకమైన కుండను బోర్లించి, దాని నోటినుండి కొబ్బరాకు మంట పెడతారు. కుండ వీపు మీద నూనె గుడ్డతో ఒకసారి తుడిచి, పల్చని బట్టను పిండిపాలలో ముంచి, రెండు చేతులతో చాచి పట్టుకొని, కుండ మీదుగా ఒక్క ఊపున లాగుతారు. అంతే! క్షణంలో పూత ఎండి, పొర లేచి వస్తుంది. పూతవలన వచ్చిన రేకు గనుక పూతరేకు. చెయ్యి నెమ్మదిస్తే పొర మందమవుతుంది, తొందరపడితే చిరుగుతుంది. కుండ వేడి తగ్గితే అంటుకొంటుంది, పెరిగితే మాడుతుంది. దీనికి తూకం లేదు, గడియారం లేదు. వేడిని ముఖం తెలుసుకొంటుంది, కాలాన్ని మణికట్టు తెలుసుకొంటుంది. ముఖం అంటే అలంకారానికి అనలేదు. రేకు తీసే స్త్రీ గంటల తరబడి ఆ పొయ్యికి ఎదురుగానే కూర్చుంటుంది.

రేకు ఎండినదైతే తాకగానే పొడి అవుతుంది. కాబట్టి తడి బట్టను కొంచెం తాకించి మెత్తబరచి, నెయ్యి రాచి, చక్కెర పొడియో బెల్లపు పొడియో చల్లి మడుస్తారు. ఇటీవల జీడిపప్పు, బాదం మొదలైనవి చేర్చి ఖరీదు పెంచుతున్నారు. మాకు మాత్రం బెల్లం, నెయ్యి చాలుననిపిస్తుంది. రేకు ఎంత పలుచగా ఉన్నదో అప్పుడే నాలుకకు తెలుస్తుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినది.

కోనసీమ గాలిలోని తేమ ఈ రెండు పనులకూ రెండు విధాలుగా తగులుతుంది. నూలుపోగుకు తేమ స్నేహితుడు. తడి తగిలిన ప్రత్తిదారానికి బలం హెచ్చుతుంది. గాలి పొడిగా ఉంటే సన్ననూలు తెగుతుంది. నేలలోకి దిగిన గుంట మగ్గం దగ్గర చల్లదనం నిలవడం సన్ననేతకు అనుకూలమే. ఆ తేమే శ్రావణ భాద్రపదాలలో శత్రువవుతుంది. పడుగు చాచడానికి వీధిలో పొడి చోటు ఉండదు, ముసురులో గంజి ఆరదు, పెద్ద వాన కురిస్తే గుంటలోకి నీరు ఊరుతుంది. రేకుకు ముసురు పట్టితే చెప్పనక్కరలేదు, సాగిపోతుంది. అందుచేత ఆ రోజులలో గాలి తగలని డబ్బాలలో దాచుకొంటారు. పనసాకులను ఈనె పుల్లలతో గిన్నెలవలె కుట్టి పిండి పోసి ఆవిరి మీద ఉడికించే పొట్టిక్కలకు మాత్రం ఏ కాలమైనా ఒకటే; అమ్మకానికన్న ఇంటివారికే ఎక్కువగా వండుకొనే వంట కావడంవల్ల దాని ధరను గురించిన పేచీ మాకు లేదు.

ఇంట్లోని పనిని పనిగా ముందు గుర్తించినవారు ఎవరంటే, ఒక్కొక్కప్పుడు ఆ ఇంటి పిల్లలే. తెలంగాణలోని ఆలేరు ప్రాంతంలో చింతకింది మల్లేశం అనే నేతకుటుంబపు యువకుడు, పోచంపల్లి చీరలకు ఆసు పోయడానికి తల్లి రోజంతా వేలసార్లు చెయ్యి చాచి చాచి భుజం నొప్పితో బాధపడడం చూసినాడు. పెద్ద చదువు లేకపోయినా ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసు యంత్రం పూర్తి చేసి, దానికి తల్లి పేరిట లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టినాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. మగ్గానికి కాక, మగ్గం వెనుకనున్న పనికి యంత్రం కావాలని తోచడమే ఇందులో విశేషం.

కోనసీమ నేత ఊళ్ళలో ఇప్పుడు మరొక మార్పు వస్తున్నది. పిల్లలు చదువుకొని పట్నాలకు పోతున్నారు. అది సంతోషించవలసిన విషయమే; మగ్గం వారసత్వంగా అంటగట్టవలసిన వస్తువు కాదు. పెద్దవారికి చూపు తగ్గుతున్నది. కండెలు చుట్టే చెయ్యి ఇంట్లో లేనప్పుడు నేసేవారు మరొక ఇంటివారిచేత చుట్టించుకొంటారు, ఇంతకు ఇంత అని డబ్బు ఇస్తారు. తల్లి చుట్టినన్నాళ్ళు లెక్కలోకి రాని కండెకు ఆనాడు ధర ఏర్పడుతుంది. ఆత్రేయపురంలో ఈ మార్పు ముందే జరిగినది. అక్కడ రేకులు తీసేవారు వేరు, మడిచేవారు వేరు, అమ్మేవారు వేరు. రేకు తీసిన ఆమెకు వందకు ఇంత అని చేతికి వస్తుంది. ఆ రేటు చాలునా చాలదా అని ఆమె అడుగగలదు, బేరమాడగలదు. బండారులంకలో కండెలు చుట్టిన ఇల్లాలు ఆ మాట ఇంకా ఎవరిని అడగాలి?